మొదటి శనివారం కొలతలు

2023 జూన్ మూడో తేదీ ఉదయం పదిన్నరకు ఒక పాత చిన్న కారు మా షాపు ముందు ఆగింది. షాపు కలకత్తా వాట్‌గంజ్‌లో, రేవుకు పోయే లారీల దారిలో ఉంది. రెండు కార్లు పట్టే షెడ్డు, దాని ముందు ఒక కౌంటరు, కౌంటరు వెనుక నేను. మా ఆయన 1974లో లారీల కమాన్లు, అంటే ఇనుప పట్టీల స్ప్రింగులు, కట్టే పనితో దీన్ని మొదలుపెట్టారు. ఆయన పోయాక 1996 నుంచి నేనే చూసుకుంటున్నాను. లారీలు తగ్గి కార్లు పెరిగాయి. ఇప్పుడు మా పనంతా కార్ల సస్పెన్షన్, అంటే బండి బరువును చక్రాల మీద మోపి, రోడ్డు దెబ్బ లోపలివాళ్లకు తగలకుండా కాచే భాగాలు. స్పానర్ పట్టేది మా మేస్త్రి సింహాచలం. కొలిచేది, రాసేది, ఏ భాగం వేయాలో చెప్పేది నేను.

ఈ పనిలో నన్ను విసిగించిన బళ్లు చాలా ఉన్నాయి. ఆ కారు విసిగించినంతగా ఏదీ విసిగించలేదు. ఆ విసుగులో సగం దాని యజమాని మీద, పావు వంతు మా సింహాచలం మీద. మిగిలిన పావు ఎవరి మీదో చివరికి తేలింది.

యజమాని పేరు శేషగిరి. గుంటూరు వైపు మనిషి, బ్యాంకు ఆఫీసరు, యాభై దాటాయి. బదిలీ మీద వచ్చి సాల్ట్ లేక్‌లో ఉంటున్నాడు. నాకు బండి కంటే ముందు బియ్యం ద్వారా పరిచయం. ఇక్కడి బియ్యం మంచివే, నేను ఈ ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని, వంక పెట్టను. అయినా మా తెలుగు ఇళ్లలో చాలామందికి ఆంధ్రా బియ్యం కావాలి. నెలకోసారి అక్కణ్ణుంచి లారీలో బస్తాలు వస్తాయి. మా షాపుకు మూడు సందుల అవతల ట్రాన్స్‌పోర్టు గోడౌన్‌లో దించుతారు. పేర్ల లిస్టు ఒకటి ఉంటుంది, ఎవరో ఒకరు బాధ్యత తీసుకుని ఇళ్లకు చేరుస్తారు. ఆ నెల నుంచి మా లిస్టు శేషగిరి చేతికి వచ్చింది.

"పిన్నిగారూ, మీ బస్తా తెచ్చాను" అన్నాడు కారు దిగుతూనే. "అట్లాగే ఈ బండి వెనకవైపు కూలబడిపోతోందండీ, ఒకసారి చూస్తారా?"

సింహాచలం వెళ్లి డిక్కీ లోంచి నా బస్తా దించి, భుజాన వేసుకుని లోపల పెట్టాడు. శేషగిరి డిక్కీ మూశాడు. నేను నా ఫారం, టేపు తీసుకుని బయటికి వచ్చాను.

నా ఫారం గురించి చెప్పాలి. ప్రతి బండికీ ఒకటి. తేదీ, మోడల్, తిరిగిన కిలోమీటర్లు, నాలుగు టైర్లలో గాలి, నాలుగు మూలల ఎత్తు. ఎత్తు అంటే చక్రం నడిబొడ్డు నుంచి పైన రేకు అంచు దాకా ఎన్ని మిల్లీమీటర్లు అని. ఏ మోడల్ కొత్తగా ఉన్నప్పుడు ఎంత ఎత్తు నిలబడేదో మా ఆయన రాసిన పుస్తకం ఒకటి ఉంది, ఆయన తర్వాత నేను రాస్తున్నాను. కొత్త ఎత్తుకు, ఇప్పటి ఎత్తుకు తేడా చూస్తే స్ప్రింగు ఎంత అలిసిందో తెలుస్తుంది. కొలిచే ముందు మనుషుల్ని దించుతాను. పెట్రోలు సగం ట్యాంకు ఉండాలి. తక్కువుంటే పోయించుకు రమ్మంటాను, సగం ట్యాంకు అంటే పదమూడు కిలోలు మరి. ఆ రోజు శేషగిరి వెనుక సీట్లో ఉన్న గొడుగును కూడా తీయించాను.

"గొడుగు కూడానా అండీ?" అని నవ్వాడు.

"కొలతంటే కొలతే బాబూ" అన్నాను.

కొలిచాను. వెనుక 332. పుస్తకంలో 366. ముప్ఫై నాలుగు మిల్లీమీటర్లు కిందికి దిగిపోయింది. పద్నాలుగేళ్ల బండే అనుకోండి, అయినా అది చాలా ఎక్కువ. కిందికి చూస్తే వెనుక షాకర్లు రెండూ నూనె కక్కి ఉన్నాయి. షాకర్ అంటే షాక్ అబ్జార్బర్. స్ప్రింగు బరువు మోస్తుంది, షాకర్ ఆ స్ప్రింగు ఊగిసలాటను ఆపుతుంది. అది చచ్చిపోతే బండి గుంటలో పడి లేచాక కూడా ఊగుతూనే ఉంటుంది.

"ఇన్నాళ్లు ఎలా తిప్పావు బాబూ? కొత్త బండి కొనుక్కోకూడదూ?"

అప్పుడు చెప్పాడు. వాళ్లమ్మ రాజ్యలక్ష్మమ్మ గారికి ఎనభై రెండేళ్లు. మార్చిలో స్నానాల గదిలో జారి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాలు, ఫిజియోథెరపీకి పదకొండు కిలోమీటర్లు వెళ్లాలి.

"ఆర్నెల్లలో నడిపించకపోతే ఇక మంచమేనన్నాడండీ డాక్టరు. అమ్మేమో గుంట వచ్చినప్పుడల్లా విలవిల్లాడిపోతోంది. కొత్త బండి కొనగలను. కొత్తవాటికి సీట్లు ఎత్తు, లేకపోతే మరీ లోతు. ఎవరూ పట్టుకోకుండా తనంతట తను కూర్చుని, తనంతట తను లేవగలిగేది ఈ వెనక సీట్లో ఒక్కదాన్లోనే. నలుగురు పట్టుకుని బస్తాలా ఎక్కిస్తే రానంటుంది."

ఆ మాట నాకు బాగా అర్థమైంది. నాకు అప్పుడు డెబ్బై ఒకటి. నేను కూడా కుర్చీ ఎత్తు చూసుకునే కూర్చుంటాను.

అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత అతను ఫోన్ తీశాడు. అందులో ఎవరో ఒకాయన ఇలాంటి కారుకే వెనుక భాగమంతా అప్‌గ్రేడ్ చేసి చూపిస్తున్న వీడియో. గట్టి స్ప్రింగులు, గ్యాస్ షాకర్లు, ప్లాస్టిక్ బుష్‌లు. మామూలు స్ప్రింగు వద్దు, ఇవే కావాలన్నాడు. వీడియో చూసి వచ్చే మనుషులంటే నాకు ఒళ్లు మండుతుంది. కానీ ఆ రోజు నా టేపు కూడా అతని పక్షమే పలికింది. ఖాళీ బండి ముప్ఫై నాలుగు మిల్లీమీటర్లు కుంగిందంటే మామూలు స్ప్రింగు సరిపోలేదనే అర్థం. హెవీ డ్యూటీ స్ప్రింగులు, అంటే లావు తీగతో చుట్టినవి, వేయించాను. షాకర్లు మామూలువే కొత్తవి వేయించాను. పని అయ్యాక కొలిస్తే 364. రెండు మిల్లీమీటర్లు నాకు లెక్కలోకి రాదు. ఫారం మీద సంతకం పెట్టి పంపించాను.

జూలై ఒకటిన మళ్లీ వచ్చాడు. బస్తా దించారు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"ముందుకంటే ఎక్కువైందండీ. గుంట అక్కర్లా, చిన్న రాయి తగిలినా ఎగిరి పడుతోంది. వెనక నుంచి టక్కుమని చప్పుడు కూడా వస్తోంది."

కొలిచాను. 363. పుస్తకం ప్రకారం బండి నిక్షేపంలా ఉంది. షెడ్డు చుట్టూ ఒక రౌండు తిప్పించాను. ఏ చప్పుడూ లేదు, ఏ ఎగురూ లేదు. ట్రామ్ పట్టాల మీదుగా కూడా పోనిచ్చాం. బుద్ధిగా పోయింది.

"ఎక్కడ బాబూ ఎగురుతోంది?"

"ఇప్పుడు ఎగరట్లేదండీ. అమ్మ ఉన్నప్పుడే ఎగురుతోంది."

"అంటే మీ అమ్మగారిని చూసి బండి గంతులేస్తోందేటి?"

సింహాచలం బండి కిందనుంచే నవ్వాడు. శేషగిరి నవ్వలేదు. "మీ పుస్తకం బాగుందంటోంది. మా అమ్మ బాగాలేదంటోంది. నన్ను ఎవర్ని నమ్మమంటారు పిన్నిగారూ?" అన్నాడు.

"మీ అమ్మగారు టేపు పెట్టి కొలిచారేటి?" అన్నాను.

నేనన్న ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

గట్టి స్ప్రింగుకు మామూలు షాకర్ ఆనడం లేదేమోనని, అతను కావాలన్న గ్యాస్ షాకర్లే వేయించాను. లోపల గ్యాస్ నింపి ఉంటుంది గనక అవి స్ప్రింగును ఇంకా గట్టిగా అదిమి పడతాయి. మళ్లీ కొలత, మళ్లీ సంతకం.

ఆగస్టు ఐదున మూడోసారి. ఈసారి బస్తాతోపాటు ఒక అట్టపెట్టె కూడా తెచ్చాడు. ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్లాస్టిక్ బుష్‌లు. బుష్ అంటే ఇనుముకు ఇనుము తగలకుండా మధ్యలో ఉండే రబ్బరు కడియం. ఆ రబ్బరు మెత్తదనమే సగం కుదుపు మింగేస్తుంది. దాని స్థానంలో గట్టి ప్లాస్టిక్ పెడితే పందెం కారుకు పనికొస్తుంది గాని, తుంటి ఎముక అతికించుకున్న మనిషికి కాదు.

"ఇవి వేయను" అన్నాను.

"మరేం చేస్తారండీ? రెణ్ణెల్లు దాటింది. వీడియోలో చెప్పినవి రెండు వేశారు, ఈ మూడోది వేస్తేనే సెట్ పూర్తవుతుందంటున్నాడు."

"ఆ వీడియో ఆయన మీ అమ్మగారిని వెనక కూర్చోబెట్టుకున్నాడేటి? వేయనన్నాను."

"మీరు వేయకపోతే పార్క్ సర్కస్ గ్యారేజీల్లో వేసేవాళ్లున్నారు."

"అలాగే వెళ్లు బాబూ. ఏటి వేయించుకున్నావో తేదీతో రాయించుకుని మరీ వెళ్లు."

అతను కారు తలుపు మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. గొంతు తగ్గింది. "నిన్న శుక్రవారం అమ్మ రాలేదండీ. కారు తాళాల చప్పుడు వినగానే దుప్పటి కప్పేసుకుంది. 'నన్ను ఆ కారెక్కించకురా, మంచంలోనే ఉంటాను' అంది. ఐదు నెలలు అయిపోయినాయి. ఇంక నెల ఉంది."

నేను ఫారం చూశాను. 362. మూడు ఫారాలు పక్కపక్కన పెట్టుకుని చూశాను. నలభై తొమ్మిదేళ్ల షాపు. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. అటు ఒక మనిషి మంచం పట్టబోతోంది. నాకు అతని మీద కోపం, బండి మీద కోపం, ఆవిడేమైనా గారాలు పోతున్నారేమోనని ఆవిడ మీద కూడా కోపం.

"బుధవారం నేనే మీ ఇంటికొస్తాను" అన్నాను. "ఆవిడ ఎక్కకపోతే మానె. నేను ఎక్కుతాను, వెనక సీట్లో. బుష్‌ల పెట్టె మాత్రం ఇక్కడ వదిలెయ్యి."

తొమ్మిదో తేదీ బుధవారం పొద్దున్నే బస్సెక్కి సాల్ట్ లేక్ వెళ్లాను. సంచిలో టేపు, పుస్తకం, గాలి కొలిచే గేజీ. ఫ్లాట్ల కింద కారు సిద్ధంగా ఉంది. వెనుక సీట్లో కూర్చున్నాను. గేటు దాటుతూ స్పీడ్ బ్రేకర్ ఎక్కింది. ఏమని చెప్పను! వెన్నుపూస మీద సుత్తితో కొట్టినట్టయింది. దిగేటప్పుడు వెనుక నుంచి టక్కుమని చప్పుడు, అతను చెప్పిన చప్పుడే. మలుపు తిరిగేలోపు ఇంకో మూడుసార్లు. "ఆపు, ఆపు బాబూ" అన్నాను. ఐదు నిమిషాలు పట్టలేదు, నా చేతులు రెండూ ముందు సీటును పట్టుకుని ఉన్నాయి. ఆ మనిషి ఈ సీట్లో పదకొండు కిలోమీటర్లు వెళ్లి, పదకొండు కిలోమీటర్లు తిరిగి వస్తున్నారు, వారానికి మూడుసార్లు.

దిగి టేపు తీశాను. 386.

మళ్లీ కొలిచాను. రెండో వైపు కొలిచాను. 386. శనివారం నా చేత్తో నేను కొలిచింది 362. నాలుగు రోజుల్లో స్ప్రింగులు కుంగడం చూశాను గాని పెరగడం ఎప్పుడూ చూడలేదు.

"ఏటి మార్చావు?" అన్నాను.

"ఏం మార్చలేదండీ!"

"ఎక్కడికైనా తీసుకెళ్లావేటి? పార్క్ సర్కస్?"

"ఒట్టు పిన్నిగారూ. ఆ రోజు మీ దగ్గర్నుంచి వచ్చి పెట్టింది పెట్టినట్టే ఉంది."

పైకి వెళ్లి మంచినీళ్లు అడిగాను. రాజ్యలక్ష్మమ్మ గారు మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నారు. సన్నటి మనిషి, చూపు మాత్రం చురుకు. నేనెవరో కొడుకు చెప్పాడు.

"నువ్వేనా అమ్మాయ్, ఆ కారుకి గట్టి స్ప్రింగులు వేసింది?" అన్నారు.

డెబ్బై ఒకటో ఏట నన్ను అమ్మాయ్ అన్న మనిషి ఆవిడే. "నేనేనండీ. మీకు ఎక్కడ నొప్పి పుడుతోంది, ఎప్పుడు పుడుతోంది, మీ నోటితో చెప్పండి. రెణ్ణెల్లుగా మీ అబ్బాయి చెప్పింది విని విని ఉన్నాను."

"ఎప్పుడా? బియ్యం లేనప్పుడు."

నేను శేషగిరి వైపు చూశాను. అతను "అమ్మా, మళ్లీ మొదలెట్టావా?" అన్నాడు.

"ఉండరా! ఈ అమ్మాయి అడిగింది, చెప్పనీ" అని నా వైపు తిరిగారు. "పోయిన నెల బియ్యం తెచ్చిన రోజున బస్తాలు దించకుండానే నన్ను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఒక్క కుదుపు లేదమ్మాయ్, మెత్తగా పడవలో పోయినట్టు పోయింది. తిరిగొచ్చాక బస్తాలు దించాడు. సోమవారం వచ్చేసరికి మళ్లీ పాత పాటే. బియ్యం ఉన్న రోజు కారు బుద్ధిగా ఉంటోందిరా అంటే వీడు నవ్వాడు."

"ఏ బియ్యం?" అన్నాను. "నా బస్తా ఒక్కటే కదా? అది దించేశాకే కదా నేను కొలిచేది?"

"మీది దించేశాకేనండీ" అన్నాడు శేషగిరి. "మా ఫ్లాట్లవాళ్లవి నాలుగు మాత్రం ఉంటాయి."

"నాలుగు?"

"నాలుగేనండీ. ఇరవయ్యారు కిలోలవి."

నూట నాలుగు కిలోలు. పదమూడు కిలోల పెట్రోలు కోసం మనుషుల్ని బంకుకు తరిమేదాన్ని, గొడుగు తీయించినదాన్ని, నూట నాలుగు కిలోలు డిక్కీలో పెట్టుకుని మూడుసార్లు కొలిచాను.

"ఎందుకు చెప్పలేదు బాబూ? ఖాళీ బండి కావాలని మొత్తుకున్నాను కదా!"

"ఖాళీయే కదండీ, మనుషులెవరూ లేరు. బియ్యం ఇంటి సరుకు కదా, దాన్ని లోడని ఎట్లా అనుకుంటాను?"

బ్యాంకులో లక్షలు కోట్లు కూడేసే మనిషి. వాళ్ల గోడ మీద తెలుగు క్యాలెండరు ఉంది. నా ఫారాల మీద తేదీలు నాకు కంఠతా వచ్చు. జూన్ మూడు, జూలై ఒకటి, ఆగస్టు ఐదు. క్యాలెండరులో చూశాను. మూడూ మొదటి శనివారాలు. మూడూ లారీ వచ్చే రోజులు. తేదీకి గడి పెట్టుకున్నాను గాని వారానికి పెట్టుకోలేదు. నా బియ్యం వచ్చిన రోజునే అతని బండి వచ్చిందని మూడుసార్లూ నాకు తెలుసు. తెలిసీ కలిపి చూడలేదు.

అక్కణ్ణుంచే సింహాచలానికి ఫోన్ చేశాను.

"ఆ బాబు డిక్కీలో నా బస్తా కాక ఇంకేమైనా ఉందేటిరా?"

"ఉన్నాయమ్మా. నాలుగు బస్తాలున్నాయి."

"ఎప్పుడు చూశావు?"

"దించీటప్పుడు సూసినానమ్మా. మూడుసార్లూ సూసినాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"అదేటమ్మా అలగడుగుతారు? డిక్కీలో సూసింది నోటితో అనకూడదని పోయిన అయ్యగారు సెప్పినారు కదా. మీరూ అదే సెప్పినారు. నానెప్పుడైనా అన్నానేటి?"

ఇది నిజం. 1988లో ఒక బట్టల వ్యాపారి, బండి డిక్కీలో చీరల మూట పోయిందని మా ఆయన్ని రెండు రోజులు పోలీస్ స్టేషన్ చుట్టూ తిప్పాడు. మూట తర్వాత అతని ఇంట్లోనే దొరికింది. ఆ రోజు నుంచి మా షాపులో రూలు. కస్టమర్ డిక్కీ మనం తెరవకూడదు, వాళ్లు తెరిచినా చూడకూడదు, కంటపడినా మాట్లాడకూడదు. ఈ మోడల్‌కు వెనుక షాకర్ బోల్టులు కిందినుంచే అందుతాయి గనక డిక్కీ తెరిచే పనే పడలేదు. ముప్ఫై అయిదేళ్లుగా ఆ రూలు తప్పనందుకు సింహాచలాన్ని పండక్కి బట్టలు పెట్టి మరీ మెచ్చుకుంటున్నాను. ఇప్పుడు అదే పనికి తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఫోన్ పెట్టేసి గోడకు చెప్పుకున్నాను.

జరిగింది ఇది. మొదటి రోజు కుంగిన ముప్ఫై నాలుగు మిల్లీమీటర్లలో ఇరవై ఎనిమిది బియ్యానివి. స్ప్రింగుల వయసువి ఆరే. షాకర్లు పోవడం ఒక్కటే ఆ బండికి నిజమైన జబ్బు. నేను నాలుగు బస్తాలు మోయడానికి సరిపడే స్ప్రింగులు వేసి, ఆ బస్తాల బదులు ఒక సన్నటి ముసలావిడను కూర్చోబెట్టాను. ఖాళీ బండి వెనుక పైకి లేచి, షాకర్ పూర్తిగా సాగిపోయి, ఇక సాగే చోటు లేక టక్కుమని తగులుకుంటోంది. దాని మీద గ్యాస్ షాకర్లు ఒకటి. ఇరవై మిల్లీమీటర్లు ఎత్తు లేచేసరికి ఆవిడ పాదాలు కూడా నేలకు సరిగా ఆనడం లేదట. ఆ సీటు ఎత్తు కోసమే ఆ బండిని ఉంచుకున్న మనుషులు!

పదో తేదీ గురువారం కారు మా షెడ్డులోకి వచ్చింది. "డిక్కీ తెరువు బాబూ" అన్నాను. అతను తెరిచాడు. సింహాచలం తల పక్కకు తిప్పుకున్నాడు. "చూడరా, నేనే చెబుతున్నాను, చూసి నోటితో చెప్పు" అన్నాను.

"స్టెప్నీ ఉందమ్మా. జాకీ ఉంది. ఒక సెప్పు ఉంది."

"ఒక్కటేనా?"

"ఒకటేనమ్మా."

కంపెనీ కొత్త బండికి ఎలాంటివి వేసిందో అలాంటి మామూలు స్ప్రింగులు, మామూలు షాకర్లు, కుదుపుకు అడుగు తగలకుండా కొత్త రబ్బరు స్టాపర్లు వేయించాను. కొలత 365. తీసేసిన గట్టి స్ప్రింగులు, గ్యాస్ షాకర్లు నా దగ్గరే పెట్టుకుని, వాటి ఖర్చు నేనే భరించాను. శేషగిరి మొహమాటపడ్డాడు. తర్వాత నెమ్మదిగా, "మరి బియ్యం తెచ్చిన రోజు మళ్లీ కూలబడుతుంది కదండీ?" అన్నాడు.

"కూలబడుతుంది. కూలబడనీ. బరువు పెడితే దిగాలి, తీస్తే లేవాలి. అందుకే దాన్ని స్ప్రింగంటారు."

శుక్రవారం పొద్దున మళ్లీ సాల్ట్ లేక్ వెళ్లాను. ఆవిడ నేను పక్కన కూర్చుంటేనే ఎక్కుతానన్నారట. కిందికి లిఫ్టులో తెచ్చారు. వాకర్ పట్టుకుని కారు పక్కన నిలబడ్డారు. తలుపు తీసి, నేనూ శేషగిరీ పక్కకు తప్పుకున్నాం. ఆవిడ వెనక్కి తిరిగి, ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి సీటు మీద వేసి, నెమ్మదిగా కూర్చుని, కాళ్లు ఒక్కొక్కటే లోపల పెట్టుకున్నారు. పాదాలు రెండూ నేలకు ఆనాయి. అది ముందు చూశాను.

గేటు దగ్గర స్పీడ్ బ్రేకర్ రాగానే ఆవిడ కళ్లు మూసుకుని నా చెయ్యి పట్టుకున్నారు. ముందు చక్రాలు ఎక్కి దిగాయి. వెనుక చక్రాలు ఎక్కి దిగాయి. అంతే. ఆవిడ పట్టు వదల్లేదు. బైపాస్ ఎక్కాం. వానలకు రోడ్డు చిల్లుల జల్లెడలా ఉంది. శేషగిరి అద్దంలో వెనక్కి చూస్తున్నాడు. "ముందు చూసి నడుపు బాబూ" అన్నాను. మూడు కిలోమీటర్లు పోయాక నా చేతి మీద పట్టు సడలింది. ఇంకో కిలోమీటరు పోయాక ఆవిడ గొంతు వినబడింది.

"ఆ వంతెన ఎప్పుడు కట్టార్రా?"

"నువ్వు మొదటిసారి వచ్చినప్పటి నుంచీ ఉందమ్మా."

"అలాగా" అన్నారు. "నేను చూడలేదు."

ఏప్రిల్ నుంచి ఆ దారిలో వారానికి మూడుసార్లు తిరిగిన మనిషి. ఒక్కసారి కూడా కళ్లు తెరిచి కిటికీలోంచి చూడలేదు. నేను సంచి సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాను.

ఆ తర్వాత ఆవిడ ఒక్కరోజు కూడా మానలేదని శేషగిరి చెప్పాడు. నా ఫారంలో మూడు గడులు పెరిగాయి. తేదీ పక్కన వారం. ఎత్తు పక్కన డిక్కీలో ఏముంది. మూడోది, వెనుక సీట్లో ఎవరు కూర్చుంటారు, వాళ్లేమంటున్నారు. మొదటి రెండూ తేలిక. మూడోది నింపాలంటే మనుషుల్ని అడగాలి, అడిగి నోరు మూసుకుని వినాలి. నలభై తొమ్మిదేళ్ల షాపులో బండిని నడిపేవాడినే అడిగాం, బండినే కొలిచాం. దెబ్బ తగిలేది వెనుక కూర్చున్నవాళ్లకు. వాళ్లను కౌంటరు దాకా ఎవరూ తీసుకురారు. ఆవిడ దగ్గర టేపు లేదని వెటకారం చేశాను. నాకంటే సరిగ్గా కొలిచింది ఆవిడే. మిగిలిన పావు వంతు విసుగు ఎవరి మీదో ఇక వేరే చెప్పక్కర్లేదు.

డిసెంబరు రెండు, శనివారం. కారు వచ్చి ఆగింది. శేషగిరి దిగాడు, చేతిలో ఫోన్ ఉంది. "పిన్నిగారూ, ఆ బుష్‌ల పెట్టె మీ దగ్గరే ఉందిగా? ఇంకో వీడియోలో..." అని మొదలుపెట్టాడు. నేను వెనుక తలుపు తెరుచుకోవడం చూస్తున్నాను. రెండు పాదాలు నేలకు ఆనాయి. తర్వాత వాకర్. రాజ్యలక్ష్మమ్మ గారు లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, మా కౌంటరు దాకా నడిచారు. పదకొండు అడుగులు. కొడుకు చెయ్యి చాస్తే విదిలించేశారు.

కౌంటరు మీద చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుని, "నీ బియ్యం వచ్చాయమ్మాయ్" అన్నారు. "అది దించాక డిక్కీలో ఇంకా నాలుగుంటాయి. రాసుకో."

రాసుకున్నాను.